పట్టీ పెరిగితే బండి మోసే బరువు పెరుగుతుందా? పికప్ బండ్ల వెనుక కమాన్ల మార్పుపై ఒక పరిశీలన

పత్తి ఏరడం మొదలయ్యే అక్టోబరు నుంచి మిర్చి రాక తగ్గే వేసవి దాకా వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారిలో బారులు తీరే పికప్ బండ్లను పక్క నుంచి గమనిస్తే ఒక తేడా కనిపిస్తుంది. కొన్ని బండ్ల వెనుక భాగం నేల వైపు కుంగి, ముందు భాగం పైకి లేచి ఉంటుంది. మరికొన్ని అంతే సరుకు మోస్తూ కూడా సమంగా నిలబడి ఉంటాయి. ఈ రెండో రకం బండ్ల వెనుక చక్రం దగ్గర వంగి చూస్తే, కంపెనీ బిగించిన కమాన్ (లీఫ్ స్ప్రింగ్) పట్టీల అడుగున రంగు తేడాతో ఒకటో రెండో కొత్త పట్టీలు బయటపడతాయి. బండి కొన్న కొద్ది రోజులకే కమాన్ వర్క్‌షాపుకు తీసుకెళ్లి ‘పట్టీ వేయించడం’ ఉత్తర తెలంగాణలో చాలామంది యజమానులకు నంబరు ప్లేటు బిగించుకోవడమంత మామూలు పని అయిపోయింది.

ఈ మార్పుతో బండి ఎక్కువ బరువు మోస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. అదే సమయంలో కొత్త పట్టీ వేయించిన కొన్నాళ్లకే పాత పట్టీ విరిగిందనీ, బండి ఖాళీగా ఉన్నప్పుడు ఎగిరిపడుతోందనీ, బ్రేకు సరిగా పట్టడం లేదనీ ఫిర్యాదులు వినిపిస్తుంటాయి. ఈ రెండు మాటలకూ మూలం ఒకే యంత్ర సూత్రంలో ఉంది.

క్లుప్తంగా

కమాన్ కట్టకు పట్టీ చేర్చితే కట్ట బిగువు (వంగకుండా ఎదురు నిలిచే గుణం) పెరుగుతుంది, బండి కుంగడం తగ్గుతుంది. టైరు, ఇరుసు, బ్రేకు, ఛాసిస్‌లు తట్టుకోగల బరువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పట్టీ మందంలో చిన్న తేడా కూడా బిగువులో పెద్ద తేడా తెస్తుంది. వెనుక ఎత్తును బట్టి బ్రేకు ఒత్తిడిని సర్దే బండ్లలో ఈ మార్పు బ్రేకు పనితీరును కూడా మారుస్తుంది. అలసిపోయిన కమాన్లను బాగు చేయించడం, అధిక బరువు కోసం కమాన్లను బిగించడం పూర్తిగా వేర్వేరు పనులు.

కమాన్ కట్ట ఎలా పనిచేస్తుంది

కమాన్ అంటే పారసీకంలో విల్లు. కరీంనగర్‌లో నాలుగు దారుల కూడలికి పేరిచ్చిన కమానూ, బండి కింద బిగించే కమానూ ఒకే మాట నుంచి వచ్చాయి. రెండింటిలోనూ వంపే ప్రధానం. గుర్రపు బగ్గీల కాలం నుంచి వాడుకలో ఉన్న ఈ ఏర్పాటుకు ఇంగ్లండులో 1804లోనే పేటెంటు పొందిన రూపం ఉంది. ఆ తర్వాత కార్లు కాయిల్ స్ప్రింగులకు మారినా, సరుకు బండ్లు దీన్ని వదలలేదు. ఇది బరువును మోయడంతో పాటు ఇరుసును ముందుకూ వెనక్కూ, పక్కలకూ జరగకుండా పట్టి ఉంచుతుంది; కాయిల్ స్ప్రింగ్ వాడితే ఆ పనికి వేరే కడ్డీలు బిగించాల్సి వస్తుంది.

కట్టలో పైన ఉండే పొడవైన పట్టీని మెయిన్ పట్టీ అంటారు. దాని రెండు చివరలూ గుండ్రంగా చుట్టి, లోపల బుష్ ఎక్కించి ఉంటాయి. ముందు చివర ఛాసిస్‌కు నేరుగా బిగిసి ఉంటుంది. వెనుక చివర మాత్రం షాకిల్ అనే ఊగే లంకెకు తగిలించి ఉంటుంది, ఎందుకంటే బరువు పడి వంపు తగ్గిన కొద్దీ పట్టీ పొడవుగా సాగినట్టవుతుంది, ఆ సాగుదలకు చోటు కావాలి. మెయిన్ పట్టీ కింద ఒకదానికన్నా ఒకటి పొట్టిగా మిగతా పట్టీలు ఉంటాయి. మధ్యలో సెంటర్ బోల్టు వాటిని ఒక వరుసలో నిలుపుతుంది. రెండు యూ బోల్టులు మొత్తం కట్టను ఇరుసు హౌసింగ్‌కు అదిమి పడతాయి.

పట్టీలను మెట్లు మెట్లుగా పేర్చడం వెనుక కారణం ఉంది. వంగేటప్పుడు ఎక్కువ ఒత్తిడి మధ్యలో, అంటే ఇరుసు మీద పడుతుంది, చివరలకు పోయిన కొద్దీ తగ్గుతుంది. అందుకే లోహం మధ్యలో ఎక్కువగా, చివరల్లో తక్కువగా ఉంటుంది. పొట్టి పట్టీలకు పైపట్టీకన్నా కాస్త ఎక్కువ వంపు పెట్టడం కూడా ఉద్దేశపూర్వకమే. సెంటర్ బోల్టు బిగించగానే అవి మెయిన్ పట్టీని వ్యతిరేక దిశలో కొద్దిగా వంచి ఉంచుతాయి. తర్వాత బరువు పడినప్పుడు మెయిన్ పట్టీ మీద పడే ఒత్తిడి ఆ మేరకు తగ్గుతుంది. బయట నుంచి చూస్తే ఇనుప బద్దల కట్టలా కనిపించే ఈ వస్తువులో ఇంత లెక్క దాగి ఉండడం వల్లనే, దానిలో మరో బద్ద దూర్చడం అనుకున్నంత సులభమైన పని కాదు.

కొత్త తరం బండ్లలో కొన్నింటికి పారాబోలిక్ పట్టీలు వస్తున్నాయి. వీటిలో పట్టీల సంఖ్య తక్కువ. ఒక్కో పట్టీ మధ్యలో మందంగా, చివరలకు సన్నగా సాగదీసి ఉంటుంది. పట్టీల మధ్య రాపిడి తక్కువ కాబట్టి చిన్న గుంతలను ఇవి బాగా మింగుతాయి. ఇలాంటి కట్టకు మామూలు సమ మందం పట్టీని జత చేస్తే ఆ రెండింటి వంగే తీరు కలవదు.

మందం లెక్క

కట్ట బిగువు నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది: పట్టీల సంఖ్య, వాటి వెడల్పు, వాటి మందం, వాటి పొడవు. సంఖ్య, వెడల్పు పెరిగితే బిగువు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మందం విషయంలో మాత్రం ఘనం లెక్క వర్తిస్తుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 9 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే పెరిగింది ఒక్క మిల్లీమీటరే అయినా ఆ పట్టీ బిగువు దాదాపు 42 శాతం పెరుగుతుంది. అదే 12 మిల్లీమీటర్ల పట్టీ అయితే 8 మిల్లీమీటర్ల పట్టీకన్నా సుమారు 3.4 రెట్లు బిగుతుగా ఉంటుంది. పొడవు తగ్గితే కూడా ఇదే ఘనం లెక్క పనిచేస్తుంది: 10 శాతం పొట్టిగా ఉన్న కట్ట సుమారు 37 శాతం ఎక్కువ బిగువు చూపుతుంది.

లారీ నుంచి తీసిన పాత మందపు పట్టీని కోసి పికప్ కట్టలో కలపడం కొన్ని చోట్ల కనిపించే పద్ధతి. దాని పర్యవసానం ఈ లెక్క నుంచే అర్థమవుతుంది. కట్టలోని పట్టీలన్నీ కలిసి ఒకే మేర వంగాలి. 8 మిల్లీమీటర్ల పట్టీల మధ్య 12 మిల్లీమీటర్ల పట్టీ ఒకటి ఉంటే, అది మిగతావాటిలో ఒక్కోదాని కన్నా 3.4 రెట్ల బరువు తన మీద వేసుకుంటుంది. దానిలో పుట్టే ఒత్తిడి కూడా పక్క పట్టీకన్నా ఒకటిన్నర రెట్లు ఉంటుంది, ఎందుకంటే అంతే వంపుకు మందపు లోహం పైపొర ఎక్కువ సాగాలి. అన్నిటికన్నా లావుగా ఉన్న పట్టీయే ముందు విరగడం వింతగా అనిపిస్తుంది గానీ, దానికి కారణం నాసిరకం ఇనుము కానక్కర లేదు. లావుగా ఉండడమే కారణం కావచ్చు.

గట్టి ఉక్కు వేస్తే కమాన్ గట్టిపడుతుందన్నది మరో అపోహ. స్ప్రింగు ఉక్కు ఏ రకమైనా, దాన్ని ఎలా కాల్చి చల్లార్చినా, వంగడానికి అది చూపే ప్రతిఘటన దాదాపు ఒకటే. కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ మితంగా వేడిచేసే ప్రక్రియ వల్ల పెరిగేది శాశ్వతంగా వంగిపోకుండా, అలసి విరిగిపోకుండా ఎంత ఒత్తిడిని తట్టుకోగలదన్న శక్తి. బిగువు కొలతల నుంచి వస్తుంది, ఆయుష్షు ఉక్కు నుంచీ దాని తయారీ నుంచీ వస్తుంది. ఈ రెండింటినీ కలిపి ‘బలం’ అనే ఒక్క మాటలో చెప్పడం వల్ల చాలా గందరగోళం పుడుతోంది.

వర్క్‌షాపులో జరిగే మార్పులు

పట్టీ చేర్చడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే మార్పు. పాత పట్టీల మందానికీ వెడల్పుకూ సరిపోయే పట్టీని, మెట్ల వరుస చెడకుండా సరైన పొడవుకు కోసి, సరైన వంపుతో పెడితే కట్ట సమంగా పనిచేస్తుంది. చేర్చిన పట్టీ మరీ పొట్టిగా ఉంటే దాని చివర ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడ పైపట్టీ మీద ఒత్తిడి పోగవుతుంది. కొన్ని నెలల తర్వాత పైపట్టీ ఆ గీత దగ్గరే తెగుతుంది.

రెండోది వంపు కొట్టించడం. ఏళ్ల తరబడి మోసి చదునైపోయిన పట్టీలను విప్పి, సుత్తి దెబ్బలతో లేదా ప్రెస్సు మీద మళ్లీ వంచుతారు. దీనివల్ల బండి ఎత్తు తిరిగి వస్తుంది, బిగువు దాదాపు మారదు. చల్లగా ఉన్న పట్టీని నేర్పుగా కొట్టి వంచితే లోహం గుణం నిలుస్తుంది, అయితే అలసిన ఉక్కు మళ్లీ కొంతకాలానికి దిగుతుంది. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచడం పని తొందరగా ముగిస్తుంది, దాని వెల తర్వాత తెలుస్తుంది. ఫ్యాక్టరీలో పట్టీని సుమారు 850 డిగ్రీలకు పైగా కాల్చి నూనెలో చల్లార్చి, తర్వాత 450 నుంచి 500 డిగ్రీల దగ్గర పదును సరిచేస్తారు. వంగినప్పుడు సాగే వైపు ఉపరితలం మీద సన్నని ఉక్కు గుండ్లను వేగంగా చిమ్మి, పగుళ్లు మొదలుకాకుండా ఒక రక్షణ పొర కల్పిస్తారు. కొలిమిలోనో గ్యాస్ మంటలోనో మళ్లీ ఎర్రబడే దాకా కాల్చగానే ఈ రెండూ పోతాయి. కాల్చిన చోటు మెత్తబడి కుంగుతుంది, లేదా అదుపు లేకుండా నీళ్లలో చల్లారిస్తే గాజులా పెళుసై విరుగుతుంది. కమాన్ పట్టీ మీద వెల్డింగ్ చుక్క పెట్టడం కూడా ఇదే జాతి తప్పు.

మూడోది ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మ పెట్టి ఎత్తు పెంచడం. ఎత్తు మాత్రమే పెరుగుతుంది. బ్రేకు వేసినప్పుడూ, మొదటి గేరులో లాగినప్పుడూ ఇరుసు తిరగబోయే బలం కట్ట మీద ఆ దిమ్మ ఎత్తు మేర మీటలా మరింత బలంగా పనిచేస్తుంది. పట్టీలు ఎస్ ఆకారంలో మెలిక తిరిగే ధోరణి పెరుగుతుంది. పొడవాటి షాకిల్ వేయడం దీనికి చవకైన ప్రత్యామ్నాయంగా కనిపిస్తుంది. షాకిల్ 4 సెంటీమీటర్లు పొడిగిస్తే బండి సుమారు 2 సెంటీమీటర్లు లేస్తుంది, దానితోపాటు ఇరుసు కొద్దిగా తిరిగి, ఇంజను శక్తిని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కలిసే కోణం మారుతుంది. కొంత వేగం దాటాక కింద నుంచి వణుకు, క్రాస్ జాయింటు తొందరగా అరగడం దాని గుర్తులు.

నాలుగోది హెల్పర్ పట్టీలు. వీటి సూత్రం మిగతావాటికన్నా తెలివైనది. ఖాళీ బండిలో ఇవి పని చేయవు. బరువు ఒక స్థాయి దాటి కట్ట కుంగాకే వాటికి ఆనిక దొరికి మోయడం మొదలుపెడతాయి. ఒకే కట్టలో రెండు బిగువులు ఉన్నట్టు లెక్క. కొన్ని బండ్లకు కంపెనీయే అడుగున చదునైన మందపు పట్టీ రూపంలో దీన్ని ఇస్తుంది. ఆ ఖాళీని ‘బండి గట్టిగా ఉండాలి’ అని ఇనుప ముక్కతో పూడ్చేస్తే హెల్పర్ ఎప్పుడూ పనిలోనే ఉంటుంది, దాని ఉద్దేశమే పోతుంది.

ఖాళీ బండి ఎందుకు ఎగిరిపడుతుంది

1,300 కిలోల సరుకు మోసే ఒక పికప్‌ను లెక్క కోసం తీసుకుంటే, ఖాళీగా ఉన్నప్పుడు వెనుక కమాన్ల మీద సుమారు 500 కిలోలు, నిండుగా ఉన్నప్పుడు సుమారు 1,700 కిలోలు ఉంటాయనుకోవచ్చు. కారులో ఈ తేడా ఇంత ఉండదు. నిండు బరువుకు కమాన్ 15 సెంటీమీటర్లు కుంగేలా తయారై ఉంటే, ఖాళీ బరువుకు 4.4 సెంటీమీటర్లే కుంగుతుంది. ఏ స్ప్రింగు అయినా బరువుకు ఎంత కుంగిందన్న దాన్ని బట్టి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పవచ్చు. పై లెక్కలో నిండు బండి సెకనుకు 1.3 సార్లు మెల్లగా ఊగుతుంది, ఖాళీ బండి 2.4 సార్లు ఊగుతుంది.

ఇప్పుడు ఆ కట్ట బిగువు 40 శాతం పెంచితే నిండు బండి ఊపు 1.5కు, ఖాళీ బండి ఊపు 2.8కి చేరుతుంది. సరుకుతో వెళ్లేటప్పుడు డ్రైవరుకు బండి మునుపటికన్నా నిలకడగా తోస్తుంది. మార్పు బాగుందన్న అభిప్రాయం ఇక్కడే ఏర్పడుతుంది. సరుకు దించి పరకాల, నర్సంపేట వైపు ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు స్పీడు బ్రేకరు మీద వెనుక చక్రాలు క్షణకాలం నేలను వదిలేస్తాయి. చక్రం నేలను వదిలిన క్షణంలో బ్రేకూ లేదు, పక్కకు జారకుండా పట్టూ లేదు. వానకు తడిసిన మలుపులో ఖాళీ పికప్ వెనుక భాగం పక్కకు కొట్టుకుపోయే ప్రమాదం బిగువైన కమాన్లతో పెరుగుతుంది. పెళ్లికో, రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకో ట్రాలీలో మనుషులను నిలబెట్టి తీసుకెళ్లడం చట్టవిరుద్ధం అన్న విషయం అటుంచినా, సరుకు మోయడానికి బిగించిన కమాన్‌కు పదిమంది బరువు నిండు సరుకులో సుమారు సగమే.

కమాన్ బిగువు పెరిగినప్పుడు పాత షాక్ అబ్జార్బర్లు సరిపోకపోవడం దీనికి తోడవుతుంది. అణిగిన పట్టీ తిరిగి లేచే వేగాన్ని అదుపు చేయడం వాటి పని. అవి కంపెనీ ఇచ్చిన బిగువుకు సరిపడా తయారైనవి. పట్టీ మార్చిన చోట షాక్ అబ్జార్బరు గురించి అడిగేవారు అరుదు.

బ్రేకులతో ఉన్న ముడి

ఈ అంశం గురించి వర్క్‌షాపు చర్చల్లో తక్కువగా వినిపిస్తుంది, పర్యవసానం మాత్రం అన్నిటికన్నా పెద్దది. చాలా సరుకు బండ్లలో వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక చిన్న కడ్డీ, దానికి తగిలించిన వాల్వు ఉంటాయి. దాన్ని ఎల్‌ఎస్‌పీవీ అని పిలుస్తారు. బండి కుంగి ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరం తగ్గితే వెనుక బరువు ఉందని గ్రహించి వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపడం, దూరం పెరిగితే బండి ఖాళీ అని తలచి వెనుక చక్రాలు బిగుసుకుపోకుండా ఒత్తిడి తగ్గించడం దాని పని. అంటే ఈ వాల్వు బరువును నేరుగా తూచదు. కమాన్ ఎంత కుంగిందో చూసి బరువును అంచనా వేస్తుంది. ఒక రకంగా కమానే దానికి కాంటా.

పట్టీలు పెంచితే, లేదా దిమ్మ పెట్టి ఎత్తు పెంచితే, ఆ కాంటా తప్పు చూపుతుంది. బండిలో నిండా సరుకు ఉన్నా వాల్వు దాన్ని సగం ఖాళీ బండిగా లెక్కించి వెనుక బ్రేకులకు తక్కువ ఒత్తిడి ఇస్తుంది. భారం ముందు చక్రాల బ్రేకుల మీద పడుతుంది; ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, బండి ఆగే దూరం పెరుగుతుంది. దీన్ని సరిచేయడానికి కొందరు ఆ కడ్డీని పైకి కట్టేయడమో, వాల్వును తప్పించడమో చేస్తారు. అప్పుడు సరుకుతో బ్రేకు బాగానే పడుతుంది, ఖాళీ బండిలో గట్టిగా బ్రేకు తొక్కగానే వెనుక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. కమాన్ మార్చిన తర్వాత ఈ కడ్డీని తయారీదారు చెప్పిన కొలతకు సరిచేయించడం అందువల్ల ఐచ్ఛికం కాదు.

బరువు వెళ్లే దారి

సరుకు బరువు ట్రాలీ నేల నుంచి ఛాసిస్‌కు, అక్కడి నుంచి కమాన్లకు, ఇరుసుకు, బేరింగులకు, చక్రాలకు, చివరికి టైర్లకు చేరుతుంది. ఈ గొలుసులో ఒక్క లంకెను లావు చేస్తే తక్కిన లంకెలు లావు కావు. టైరు పక్కన పరిమాణం తర్వాత ముద్రించి ఉండే అంకె దీన్ని స్పష్టంగా చెబుతుంది. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు, 106 అని ఉంటే 950 కిలోలు మోయగలదని అర్థం. 106 అంకె ఉన్న రెండు టైర్ల మీద నడిచే వెనుక ఇరుసు, తన బరువుతో సహా, 1,900 కిలోలు దాటకూడదు.

పై ఉదాహరణలోని బండికే తిరిగి వస్తే, 40 కిలోల వడ్ల బస్తాలు 32 వేస్తే 1,280 కిలోలు అవుతాయి. సరుకులో పదింట తొమ్మిది వంతులు వెనుక ఇరుసు మీద పడతాయనీ, ఖాళీ బండి వెనుక ఇరుసు కింద 650 కిలోలు ఉన్నాయనీ అనుకుంటే మొత్తం 1,800 చిల్లర అవుతుంది, టైరు పరిమితిలోపే. పట్టీ వేయించిన ధైర్యంతో 45 బస్తాలు వేస్తే సరుకు 1,800 కిలోలకు, వెనుక ఇరుసు మీద బరువు సుమారు 2,270 కిలోలకు చేరుతుంది. కమాన్ కుంగలేదు, బండి చూడ్డానికి సమంగానే ఉంది, టైర్లు మాత్రం మోయాల్సిన దానికన్నా 370 కిలోలు ఎక్కువ మోస్తున్నాయి. నడివేసవిలో జగిత్యాల, పెద్దపల్లి రోడ్ల వేడికి ఆ టైరు పగిలితే నింద సాధారణంగా టైరు కంపెనీకో, రోడ్డుకో పోతుంది.

కంపెనీ కమాన్ కుంగడం ఒక హెచ్చరిక. రబ్బరు బంప్ స్టాపరు ఇరుసుకు తగిలి ‘దబ్’మన్నప్పుడు బరువు హద్దు దాటిందని బండి చెబుతున్నట్టే. బిగువు పెంచడం వల్ల ఆ హెచ్చరిక మాయమవుతుంది, హద్దు జరగదు. అదీ గాక, వంగే గుణం తగ్గిన కమాన్ గుంతలో పడినప్పటి దెబ్బను తనలో ఇముడ్చుకోకుండా పైకి పంపుతుంది. షాకిల్ బ్రాకెట్లు ఛాసిస్‌కు అతుక్కునే చోట, క్యాబిన్‌కూ ట్రాలీకీ మధ్య ఛాసిస్ వంగే చోట పగుళ్లు రావడానికి ఇది ఒక కారణం.

తక్కువ మోత ఉన్న రకాన్ని కొని పట్టీలతో ఎక్కువ మోత రకంగా మార్చుకోవచ్చన్న ఆలోచన కూడా ఇక్కడే తప్పుతుంది. ఒకే పేరుతో అమ్మే రెండు రకాల మధ్య తేడా కమాన్లలోనే ఉండదు; టైర్ల స్థాయి, చక్రాలు, కొన్నిసార్లు ఇరుసు కూడా వేరుగా ఉంటాయి.

ఇనుప కడ్డీలు, పైపుల వంటి పొడవు సరుకు వెనక్కు వేలాడినప్పుడు మరో చిక్కు ఉంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య 3 మీటర్లు ఉన్న బండిలో వెనుక ఇరుసుకు మీటరు వెనుక 300 కిలోలు పెడితే, తూకం కొయ్య లెక్కన వెనుక ఇరుసు మీద 400 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 100 కిలోలు తగ్గుతాయి. స్టీరింగు తేలికైందని డ్రైవరు సంతోషించే సందర్భం ఇది. నిజానికి ముందు చక్రాలకు పట్టు తగ్గింది. కమాన్ ఎంత బిగించినా ఈ 100 కిలోలు ముందుకు తిరిగి రావు. సరుకును ముందుకు జరపడమే దీనికి మందు.

పత్తి వేరు, వడ్లు వేరు

ఉత్తర తెలంగాణలో ఒకే బండి ఏడాది పొడవునా ఒకే సరుకు మోయదు. వానకాలం వడ్లు, మక్కలు, పత్తి, మిర్చి, నిజామాబాద్ వైపు పసుపు, జగిత్యాల మామిడి, మధ్యలో సిమెంటు, ఇసుక, గ్రానైటు ముక్కలు. వీటిలో కొన్ని బరువైనవి, కింద పరుచుకుంటాయి. కొన్ని తేలికైనవి, ఎత్తుగా పేరుకుంటాయి.

విడి పత్తి నింపిన ట్రాలీ బరువు పరిమితి లోపలే ఉండవచ్చు, అయితే సరుకు క్యాబిన్ ఎత్తును దాటి పక్కలకు ఉబ్బుతుంది. అక్కడ సమస్య కుంగడం కాదు, ఒరగడం. బిగువు పెంచితే ఒరగడం కొంత తగ్గుతుంది. దిమ్మతోనో షాకిల్‌తోనో ఎత్తు పెంచితే గురుత్వ కేంద్రం ఇంకా పైకి పోయి ఒరగడం పెరుగుతుంది. బయటికి ఒకేలా కనిపించే ఈ రెండు మార్పులూ పత్తి బండి మీద ఎదురెదురు ఫలితాలు ఇస్తాయన్నది గమనార్హం. వడ్ల బస్తాల విషయంలో బరువే అసలు ప్రశ్న, అక్కడ ఏ కమానూ టైరు అంకెను దాటించలేదు.

యజమానులు ఎందుకు ఇటు మొగ్గుతారన్నది కిరాయి లెక్కలో ఉంది. బస్తాకు ఇంత అని మాట్లాడుకున్నప్పుడు డీజిలు, డ్రైవరు బత్తా ఒక ట్రిప్పుకు దాదాపు మారవు. పెరిగిన ప్రతి బస్తా నేరుగా మిగులు. ఒక పక్క ట్రాక్టరు ట్రాలీతో, మరో పక్క డీసీఎం (మధ్యరకం లారీ)తో పోటీ పడే పికప్ యజమానికి నెలవారీ ఫైనాన్స్ కిస్తీ ఆగదు. పట్టీ ఖర్చు రెండు మూడు ట్రిప్పుల్లో తిరిగి వచ్చినట్టు కనిపిస్తుంది. టైరు, బేరింగు, క్లచ్ ప్లేటు ముందుగానే మార్చాల్సి వచ్చినప్పుడు ఆ ఖర్చును ఎవరూ పట్టీ ఖాతాలో రాయరు.

చట్టం ఏమంటుంది

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో కమాన్ పట్టీల సంఖ్య ఉండదు, బండి మొత్తం బరువు పరిమితి ఉంటుంది. పట్టీ చేర్చినందువల్ల ఆ అంకె మారదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్ వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. తయారీదారు ప్రమాణాలకు విరుద్ధమైన మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పులకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు.

అధిక బరువు దీనితో సంబంధం లేని వేరే నేరం. 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్ దీనికి 20,000 రూపాయలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానాగా పేర్కొంది; అదనపు సరుకు దించాకే బండి కదలాలి. అక్కడికక్కడ వసూలు చేసే రాజీ రుసుమును రాష్ట్రాలు వేరుగా నిర్ణయించుకోవచ్చు. తూకం కాంటా మీద నిలబెట్టినప్పుడు కమాన్ కుంగిందా లేదా అన్నదానికి విలువ లేదు. రవాణా వాహనానికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది కాబట్టి, పాత బండి యజమానికి ఈ ప్రశ్న తరచుగానే ఎదురవుతుంది.

బాగుచేత అవసరమైనప్పుడు

సర్టిఫికెట్‌లో రాసిన బరువుకే బండి కుంగుతోందంటే కమాన్లు అలసిపోయాయని అర్థం, బాగుచేత న్యాయమైన అవసరం. దీన్ని తేల్చడానికి ఖాళీ బండిని చదునైన నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిగా నింపి, ఇరుసు నుంచి ఛాసిస్ వరకు రెండు పక్కలా కొలవాలి. రెండు పక్కల మధ్య తేడా ఉంటే ఒక పక్క పట్టీ విరిగి ఉండవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడే పట్టీలు చదునుగా ఉంటే వంపు పోయినట్టు. ముందు చక్రం నుంచి వెనుక చక్రానికి రెండు పక్కలా దూరం ఒకేలా లేకపోతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగి ఉంటుంది; అలాంటి బండి తిన్నని రోడ్డు మీద కూడా ఎండ్రకాయలా వాలుగా నడుస్తుంది, ఒక పక్క టైరు త్వరగా అరుగుతుంది.

మార్చినప్పుడు రెండు పక్కలా కలిపి, కంపెనీ కొలతల కట్టలనే వేయడం మేలు. యూ బోల్టులు ఒకసారి గట్టిగా బిగిశాక సాగుతాయి, వాటిని విప్పి మళ్లీ వాడితే పట్టు నిలవదు. సీజనుకు పట్టీ వేసి సీజను ముగిశాక తీసే అలవాటులో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. యూ బోల్టు వదులైతే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర, అంటే ఒత్తిడి అత్యధికంగా ఉండి లోహం తక్కువగా ఉన్న చోట, పట్టీ వంగడం మొదలవుతుంది. విరిగిన మెయిన్ పట్టీల్లో చాలావి తెగేది అక్కడే. రబ్బరు బుష్‌ల బోల్టులను బండిని జాకీ మీద ఎత్తి ఉంచి బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి త్వరగా చినుగుతుంది. చక్రాలు నేల మీద ఆని బండి తన బరువుతో నిలిచాకే చివరి బిగింపు చేయాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక యూ బోల్టులను మరోసారి బిగించుకోవాలి, ఎందుకంటే కొత్త పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకున్నాక కట్ట మందం వెంట్రుకవాసి తగ్గుతుంది.